అడుగున తిరిగే చేప మురికి తినదు: అపోహలు, వాస్తవాలు

అపోహ: అడుగున తిరిగే చేపలు తొట్టెలోని మురికి తిని బతుకుతాయి, వాటికి విడిగా మేత వేయనక్కర్లేదు.

విజయవాడలో అక్వేరియంలు అమర్చే వృత్తిలో ఉన్న నాకు ఈ మాట వినపడని వారం లేదు. “ఒక క్లీనర్ చేప ఇవ్వండి, తొట్టె కడిగే బాధ తప్పుతుంది” అంటారు. కొండవాగుల్లో రాళ్లకు అంటిపెట్టుకుని బతికే చిన్న చేపలైన హిల్‌స్ట్రీమ్ లోచ్‌లనూ సక్కర్ చేపల (నోటితో అద్దానికి అంటుకునే ప్లెకోల) లెక్కలోనే అమ్మేస్తారు. ఆ లోచ్‌లలో ఒకటైన చైనా వాగుల బోఫోర్షియా ‘బటర్‌ఫ్లై ప్లెకో’ అయింది అలాగే. నిజానికి అది ప్లెకో కానే కాదు.

వాస్తవం: వడిగా పారే చల్లని నీటిలో రాతిని రెక్కలతో కరచుకుని ఉండే ఈ చేపకు నోరు కిందివైపు ఉన్నది రాతిమీది పాకుడు గీక్కుని తినడానికి. కృష్ణ ఒడ్డున ఘాట్ మెట్లమీద మన కాళ్లు జారేలా చేసేదీ అటువంటి పొరే. అందులో డయాటమ్‌లు (కంటికి కనపడని సూక్ష్మ నాచు), పచ్చనాచుతో పాటు నీటి పురుగుల లార్వాలు కూడా ఉంటాయి, చేపకు అవన్నీ కావాలి. తొట్టె అడుగున పేరుకున్న మలినంలో ఆ తిండి ఉండదు.

పోయిన వేసవిలో గుంటూరు నుంచి ఒకాయన తన పదేళ్ల కూతురిని వెంటబెట్టుకుని, నీళ్లకవరులో ఒక లోచ్‌ను తీసుకువచ్చారు. “మందేమైనా ఉంటే ఇవ్వండి సార్, అద్దానికి అంటుకుని కదలడం లేదు” అన్నారు. కవరును ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి కింది నుంచి చూస్తే, గుండ్రంగా ఉండవలసిన పొట్ట చెంచా గుంటలా లోపలికి పోయి ఉంది. రాళ్లను ప్రతి ఆదివారం బ్రష్‌తో తెల్లగా తోముతున్నామని, మేత మాత్రం పైన తేలే గుళికలే వేస్తున్నామని ఆ పాప చెప్పింది. జబ్బేమీ లేదు, ఆకలి. శ్రద్ధగా శుభ్రం చేసేవారి ఇంట్లోనే ఈ చేప ముందుగా మాడుతుంది. వారిని తప్పుపట్టలేను, వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ “మేత అక్కర్లేదండీ” అని చెప్పి అమ్మినవాడినే.

చేయవలసినది పెద్ద పనేమీ కాదు. నున్నని గులకరాళ్లను నీళ్లటబ్బులో వేసి, దోమలు గుడ్లు పెట్టకుండా పైన సన్నని వల కట్టి, డాబామీద ఎండలో ఉంచితే కొన్ని వారాల్లో పాకుడు పడుతుంది. వాటిని వంతులవారీగా తొట్టెలోకి మారుస్తూ ఉండాలి. దానికి తోడు నీటిలో మునిగే ఆల్గే (నాచు) బిళ్లలు, అప్పుడప్పుడు బ్లడ్‌వార్మ్‌లు (మేతగా అమ్మే ఎర్రని పురుగుల లార్వాలు) వేస్తే సరిపోతుంది.

అపోహ: ఈ లోచ్ మన వేడికి తట్టుకుంటుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర అది 7.5 మాత్రమే. పైగా వేడికి చేప ఒంట్లో శక్తి ఖర్చు పెరిగి ఆకలి ఎక్కువవుతుంది. మే నెలలో కూలర్, నీటి ఒరవడి లేకుండా ఈ చేపను పెంచవద్దు.

అపోహ: అడుగు చేపలన్నింటి తిండీ ఒకటే. మన ఇసుకదొందు చిన్న చేపలనూ రొయ్యలనూ పట్టి తింటుంది. యూరప్, ఉత్తర అమెరికా చల్లని వాగుల్లోని స్కల్పిన్ అనే అడుగు చేపకు ట్రౌట్ చేపల గుడ్లు మింగుతుందని చెడ్డపేరు ఉంది కానీ, దొరికితే గుడ్లు తిన్నా దాని కడుపు ప్రధానంగా నిండేది నీటి పురుగుల లార్వాలతోనే.

అపోహ: పగలు వేసిన మేత ముట్టకపోతే జబ్బే. చీకట్లో తింటుందేమో ముందు చూడాలి: లైటు తీసేశాక ఒక బిళ్ల వేసి, ఉదయం పొట్ట చూడండి.