సంబరం లెక్కల కాగితం చూశాక పిల్లలకు రాస్తున్నది

సోంపేట,
ఆదివారం సాయంత్రం

పిల్లలూ,

మొన్న మీరు ఇచ్చి వెళ్లిన అమ్మవారి సంబరం చందాల కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. ఎండలో మూడు వీధులూ తిరిగి, ఇంటింటా అడిగి నోటుబుక్కులో రాసుకొచ్చి, దాన్నంతా ఎక్సెల్‌లోకి ఎక్కించడం చిన్న పని కాదు. "బాగుందా తాతయ్యా?" అని అడిగారు. గుడి గోడకు అంటించేముందు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. నోటితో చెబితే సగం మరిచిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ తేడా సంగతి. నోటుబుక్కులో వెరసి కంటే షీటులో వెరసి 1,392 రూపాయలు తక్కువ వచ్చిందని, నోటుబుక్కులోనే కూడిక తప్పి ఉంటుందని అన్నారు కదా. నోటుబుక్కు సరిగానే ఉంది. 1,392ని 116తో భాగించండి, సరిగ్గా 12 వస్తుంది. నూటపదహార్లు ఇచ్చిన ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. వాటిలో పన్నెండిళ్లకు మాత్రం మీరు "116/-" అని కొట్టారు. చేత్తో రాసేటప్పుడు ఆ గీత అవసరమే, వెనక ఎవరూ ఇంకో అంకె చేర్చకుండా కాపలా కాస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం ఆ గీత తగిలిందంటే అది అంకె కాదు, మాట. సమ్ ఫార్ములా మాటలను కూడదు. కూడలేదని చెప్పదు కూడా, దాటేసి పోతుంది. కాగితం అలాగే గోడకెక్కితే ఆ పన్నెండు కుటుంబాల పేర్లు ఉంటాయి, వాళ్ల డబ్బు మాత్రం లెక్కలో ఉండదు.

మరి ఇది మీ కంటికి ఎందుకు కనపడలేదు? అన్ని గడులనూ మధ్యకు జరిపేశారు, అందుకు. మనం ఏమీ ముట్టుకోకపోతే ఎక్సెల్ మాటలను గడిలో ఎడమకు, అంకెలను కుడికి పెడుతుంది. అది అందం కోసం చేసింది కాదు. డబ్బుల కాలమ్‌లో ఒక అంకె ఎడమకు అంటుకుని ఉంటే, "ఇది నాకు మాటలా కనిపిస్తోంది, ఒకసారి చూడు" అని అది మనకు చెబుతున్నట్టు. మీరు మధ్యకు జరపగానే ఆ మాట వినపడకుండా పోయింది.

మా నాన్నగారి చిట్టా, ఆవర్జాలు, అంటే చేత్తో రాసిన జమాఖర్చుల పుస్తకాలు, ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. 1957లో నయాపైసలు రాకముందువి. అందులో రూపాయలకు ఒక గీత, అణాలకు ఒక గీత, పైసలకు ఒక గీత. ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు దారం కట్టినట్టు దిగుతాయి. నాలుగంకెల మొత్తం ఉంటే ఎడమవైపు కొంచెం ముందుకు పొడుచుకొచ్చి చదవకుండానే కనిపిస్తుంది. మీ కాగితంలో 51, 116, 5,116 మూడూ మధ్యలో నిలబడి ఒకే పొడుగున్నట్టు ఉన్నాయి. డబ్బుల కాలమ్‌ను కుడికే ఉంచండి, దాని హెడ్డింగును కూడా కుడికే జరపండి. పేర్లు ఎడమకు. మధ్యకు జరపాల్సింది పైన ఉండే పెద్ద శీర్షిక ఒక్కటే.

రూపాయి గుర్తు కావాలంటే గడిలో కొట్టకండి. అంకెను ఉత్తగా కొట్టి, నంబర్ ఫార్మాట్‌లో రూపాయి గుర్తు ఎంచుకోండి. అప్పుడది చొక్కా మీద వేసుకున్న కోటులాంటిది, లోపల అంకె అంకెలాగే ఉంటుంది. మీకు లక్షా ఇరవై అయిదు వేలు 125,000 అని వచ్చింది. మనం 1,25,000 అని కదా రాస్తాం. విండోస్ సెట్టింగుల్లో రీజియన్ ఇండియాగా మారిస్తే కామాలు మన పద్ధతిలో పడతాయి. ఈ కోటుతో ఒక ప్రమాదం కూడా ఉంది. 33.40 మూడుసార్లు రాసి పైసలు కనపడకుండా దాచారనుకోండి. కాగితం మీద 33, 33, 33 కనిపిస్తాయి, కింద వెరసి 100 అని ఉంటుంది. వేళ్లతో కూడుకునే పెద్దవాళ్లకు 99 వస్తుంది. వాళ్లు మిమ్మల్ని అనుమానిస్తారు, అందులో వాళ్ల తప్పు లేదు. డబ్బు లెక్కల్లో పైసలు దాచకండి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీలో చాలామంది చిన్నపిల్లలు. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరిచెట్లు వేర్లతో సహా పడిపోయి ఉన్నాయి. జీడితోటలూ పోయాయి. మా వీధిలో ఎవరికి ఎన్ని చెట్లు పోయాయో మాకు మేమే ఒక పట్టిక రాసుకుందామనుకున్నాం. కరెంటు లేదు. జనరేటర్ ఉన్న ఇంట్లో లాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకుని రాత్రి కూర్చుని కొట్టాను. పేర్లు అక్షరక్రమంలో ఉంటే వెతకడం సులువని, పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కాను. పక్క కాలమ్‌లనూ కలుపుకోమంటావా అని అది అడిగింది. నిద్రమత్తులో వద్దని నొక్కాను. పేర్లు కదిలాయి, చెట్ల లెక్కలు ఉన్నచోటే ఉండిపోయాయి.

మర్నాడు చదివి వినిపిస్తుంటే ఒక ముసలమ్మ లేచి, "నావి నాలుగు చెట్లే బాబూ, నలభై ఎక్కడివి?" అంది. ఎక్కువ చెప్పుకుంటే ఎవరూ అడిగేవాళ్లు లేరు. ఆమె నోరు విప్పకపోతే నలభై చెట్లు పోయిన మనిషి పేరు పక్కన ఇంకేదో అంకె పడి ఉండేది. ఆ కాగితం చింపేసి, చేతిరాత నోటుబుక్కు ముందు పెట్టుకుని మొదటినుంచీ కొట్టాను. ఆ రోజు నుంచి ఏ జాబితా మొదలుపెట్టినా హెడ్డింగులు రాయగానే కంట్రోల్, టి కలిపి నొక్కుతాను.

ఆ రెండు మీటలూ నొక్కితే ఉత్త గడులు టేబుల్ అవుతాయి. అప్పుడు సార్ట్ చేస్తే మనిషి వరస మొత్తం ఒక్కటిగా కదులుతుంది. కింద కొత్త పేరు కొడితే తనంతట తానే టేబుల్‌లో చేరుతుంది. టోటల్ రో పెట్టుకుంటే వెరసి కూడా అదే వేస్తుంది. గూగుల్ షీట్స్‌లోనూ 2024 నుంచి ఇలాంటి టేబుల్స్ ఉన్నాయి. మీరు వరస విడిచి వరసకు చేత్తో పసుపు రంగు వేశారు చూడండి, కష్టపడ్డారు పాపం. సార్ట్ చేయగానే ఆ రంగులు పేర్లతోపాటు కదిలి చారలన్నీ చెదిరిపోతాయి. టేబుల్ వేసే చారలు అలా కావు, వరసలు ఎటు కదిలినా ఒకటి విడిచి ఒకటిగానే ఉంటాయి.

వీధి పేరు కోసం పక్కన ఇరవై గడులను మెర్జ్ చేసి ఒకే పొడుగు గడి చేశారు. టేబుల్‌లో అది కుదరదు, మామూలు షీటులో కూడా సార్ట్‌కు అడ్డం పడుతుంది. ఆ వీధి వరకే చూద్దామని ఫిల్టర్ పెడితే మొదటి ఇల్లు ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే లోపల వీధి పేరు మొదటి గడిలోనే ఉంది. ప్రతి వరసలోనూ వీధి పేరు రాయండి. చూడ్డానికి విసుగ్గా ఉన్నా ఫర్వాలేదు. వీధికీ వీధికీ మధ్య ఖాళీ వరసలు కూడా వద్దు, ఖాళీ వచ్చిన చోట పట్టిక అయిపోయిందని అది అనుకుంటుంది.

రంగుల గురించి ఇంకొక్క మాట. ఇచ్చినవాళ్లకు ఆకుపచ్చ, బాకీ ఉన్నవాళ్లకు ఎరుపు పెట్టారు. జిరాక్స్ తీస్తే రెండూ ఒకే బూడిదరంగు. ఆ రెండు రంగుల తేడా తెలియని కళ్లు కూడా మన ఊళ్లో ఉంటాయి. "ఇచ్చారు", "ఇవ్వాలి" అని ఒక కాలమ్‌లో మాటల్లో రాయండి. ఆ మాటను బట్టి రంగు దానంతటదే పడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టుకోండి, అది మీ దగ్గర షీటులో ఉంటే చాలు. గోడ మీది కాగితంలో ఎరుపు వద్దే వద్దు. ఈ ఏడాది ఇవ్వలేకపోయిన ఇంటిని ఊరందరి ముందు ఎర్రగా చూపించకండి.

లక్ష్మి అనే పేరున్న చోటల్లా కింది వత్తు కోసుకుపోయింది. వరస ఎత్తు తెలుగుకు చాలలేదు. వరసలన్నీ సెలెక్ట్ చేసి, ఎడమ అంచున రెండు అంకెల మధ్య గీత మీద డబుల్ క్లిక్ చేస్తే అక్షరానికి తగ్గట్టు పెరుగుతాయి. రెండో పేజీలో హెడ్డింగులు లేవు. పేజ్ లేఅవుట్‌లో ప్రింట్ టైటిల్స్ అని ఉంటుంది, అక్కడ మొదటి వరసను చూపిస్తే ప్రతి పేజీ మీదా వస్తుంది.

డోర్ నంబర్లు కూడా చూశారా? 3-12 అని కొట్టిన ఇల్లు డిసెంబరు 3 అయిపోయింది. ఎక్సెల్‌కు తేదీ అంటే 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని లెక్కపెట్టిన రోజుల సంఖ్య. 2024లో ఆ డోర్ నంబరు కొట్టి ఉంటే లోపల 45629 అని దాచుకుంటుంది. కొట్టాక టెక్స్ట్‌గా మార్చినా ఆ సంఖ్యే బయటికొస్తుంది గానీ 3-12 తిరిగి రాదు. కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసి తర్వాత కొట్టాలి. ఇది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 అని పిలిచే మనిషి జన్యువులు షీటులో తేదీలుగా మారిపోతుంటే, చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. మన డోర్ నంబర్లను మనం మార్చలేం కదా.

బుధవారం ఎండ దిగాక లాప్‌టాప్ పట్టుకుని రండి. నోటుబుక్కు మరిచిపోవద్దు. ఒకరు నోటుబుక్కు చదవండి, ఒకరు షీటు చూడండి, నేను పక్కన కూర్చుంటాను. ఆ పన్నెండిళ్లతో మొదలుపెడదాం.

మీ తాతయ్య