సంపూర్ణ సూర్యగ్రహణం చూడాలంటే కర్నూలోళ్ళు ఇంత దూరం ఎందుకు పోవాలి?

2027 ఆగస్టు 2న ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణ సూర్యగ్రహణం ఉంది, పోదామా అని ఇంట్లో అంటే ముందు వచ్చే మాట గ్రహణం పూట గడప దాటొద్దు అనే. నిజానికి గ్రహణానికి ప్రయాణం కట్టడం మనకు పాత అలవాటే, భాగవతంలో సూర్యగ్రహణమని ద్వారక నుంచి కృష్ణుడు, యాదవులు అందరూ కురుక్షేత్రంలోని శమంతపంచకానికి పోతారు, నందుడూ గోపికలూ మళ్ళీ కలిసేది అక్కడే. ఇప్పటికీ పట్టుస్నానం, విడుపుస్నానం అని తుంగభద్రకు పోయేవాళ్ళున్నారు, శ్రీశైలం తలుపులు మూసినా శ్రీకాళహస్తి గుడి మాత్రం తెరిచే ఉంటుంది కదా, అక్కడికీ పోతారు.

ఇంక చూడ్డానికే రావడమంటే 1868 ఆగస్టు 18 గురించి చెప్పుకోవాల. ఆ రోజు సంపూర్ణ గ్రహణం నాటి చంద్రుడి నీడ బీజాపూర్ వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నం మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అంత దూరం వచ్చి గుంటూరులో స్పెక్ట్రోస్కోప్, అంటే వెలుగును రంగులుగా విడగొట్టి చూసే పరికరం, పెట్టినాడు, సూర్యుడి అంచున ఎగిసే మంటల్లాంటివి హైడ్రోజన్ వాయువని తేలింది, ఆ మరుసటి రోజే గ్రహణం లేకుండా కూడా వాటిని చూడగలిగినాడు. మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళ శాస్త్రవేత్త పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. సూర్యుడి వెలుగులో హీలియం వాయువు జాడ దొరికే కథ మొదలైంది ఆ ఏడాదే. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి ఇంకో టీమ్‌తో వనపర్తిలో ఉన్నాడు, కర్నూలు నుంచి తుంగభద్ర, కృష్ణ దాటితే వనపర్తి ఎంత దూరమని? రఘునాథాచారి పేరు మన స్కూలు పిల్లలకు తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

తర్వాత 1980 ఫిబ్రవరి 16న మళ్ళీ పక్కకే వచ్చింది. రాయచూరు దగ్గర జవళగెరలో సైంటిస్టులు క్యాంపు వేసినారు, హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ కూడా నీడలోనే ఉంది, జనం మాత్రం ఎక్కువ శాతం తలుపులేసుకున్నారు. 1999లో శ్రీకాకుళం వైపు వచ్చింది గానీ అది వానాకాలం. 2009లో సూరత్ నుంచి పాట్నా దాకా, అప్పుడూ చాలాచోట్ల మబ్బులే.

అసలు సంగతేందంటే చంద్రుడి నీడ భూమి మీద మామూలుగా వంద, రెండొందల కిలోమీటర్ల వెడల్పు పట్టీ మాత్రమే, ఒకే ఊరికి మళ్ళీ రావాలంటే సగటున 375 ఏళ్ళు పడుతుంది, అందుకే మనమే దాని దగ్గరికి పోవాల. తొంభైతొమ్మిది శాతం కనిపిస్తే చాల్లే అనుకోవద్దు, కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే తెల్లటి వెలుగు వలయం, కనిపించేది పూర్తిగా మూసుకున్నప్పుడే, కళ్ళద్దాలు తీసి చూడగలిగేది కూడా ఆ కొద్ది నిమిషాలే, ముందూ వెనకా గ్రహణం అద్దాలు పెట్టుకోవాల్సిందే.

ఈజిప్టు ఖర్చు భారమైతే 2034 మార్చి 20న నీడ కశ్మీర్, లద్దాఖ్ మీదుగా పోతుంది, మన దేశంలో తర్వాతి సంపూర్ణ గ్రహణం అదే, పాస్‌పోర్ట్ అక్కర్లేదు, చలికి మాత్రం గట్టిగా రెడీ అయి పోవాల.