‘టయోటాకి ఏమీ కాదు’ అనుకునేవాళ్ళ కోసం: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నా పని ఎక్కువగా టయోటా డీజిల్ బండ్ల మీదే. క్వాలిస్ రోజుల నుంచి ఇన్నోవా, ఫార్చ్యూనర్, క్రిస్టా దాకా విప్పి బిగించినవాణ్ణి. ఈ బండ్లంటే నాకు గౌరవం. అందుకే ‘టయోటా కదా, దానికేం కాదులే’ అన్న ధీమాతో మంచి ఇంజిన్లను చేజేతులా పాడుచేసుకుని షెడ్డుకి తెచ్చేవాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది. రోజూ నా చెవిన పడే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో రాస్తున్నాను.

అపోహ: టయోటా పుట్టుకతోనే గట్టి బండి

ఇది అస్సలు నిజం కాదు. 1933లో టయోడా ఆటోమేటిక్ లూమ్ వర్క్స్ అనే మగ్గాల కంపెనీలో కీచిరో టయోడా మోటారు విభాగం మొదలుపెట్టాడు. అప్పుడు వాళ్ళు చేసిన పని ఏ మెకానిక్‌కైనా అర్థమవుతుంది. ఒక షెవ్రొలే కారు తెచ్చి, మొత్తం విప్పదీసి, ఒక్కో భాగం కొలతలు రాసుకున్నారు. వాళ్ళ మొదటి ఇంజిన్ ఆ షెవ్రొలే నమూనాలోనే తయారైంది. 1935 నవంబరులో జీ1 అనే లారీని టోక్యోలో జనానికి చూపించి అమ్మకానికి పెట్టారు. ఆ లారీలు ఎక్కడపడితే అక్కడ ఆగిపోయేవి. ఆగిన చోటికి మనుషుల్ని పంపి బాగుచేయించడం, ఏం పోయిందో రాసుకోవడం, తర్వాతి బండిలో అది సరిచేయడం, ఇదే అప్పట్లో వాళ్ళ పని. 1936లో ఏఏ మోడల్ కారు వచ్చింది. 1937లో టయోటా మోటార్ విడి కంపెనీ అయింది.

1950లో కంపెనీ దాదాపు మునిగిపోయింది. అప్పులు, సమ్మె, ఉద్యోగాల కోత. కీచిరో అధ్యక్ష పదవి వదులుకున్నాడు. అదే ఏడాది కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం లారీలకు ఆర్డర్లు ఇవ్వడంతో ఊపిరి నిలిచింది. కీచిరో 1952లో పోయాడు. ఆ తర్వాతి ఎదుగుదల ఆయన చూడలేదు.

1957లో క్రౌన్ కారును అమెరికా పంపారు. జపాన్ గతుకుల రోడ్ల మీద గట్టిగా నిలబడ్డ కారది. అక్కడి హైవేల మీద మాత్రం ఆ ఒకటిన్నర లీటరు ఇంజిన్ చాల్లేదు. వేగం అందుకోలేదు, వేడెక్కేది, వణికేది. 1958 మొత్తం మీద అమెరికాలో టయోటా అమ్మిన బండ్లు 288. అందులో ఒకటి ల్యాండ్ క్రూజర్, మిగతావన్నీ ఈ కార్లే. 1960లో వాటి అమ్మకం ఆపేశారు. వెనక్కి వెళ్ళి, పెద్ద ఇంజిన్ వేసి, 1965లో కరోనా అనే కారుతో మళ్ళీ వచ్చారు. కరోలా 1966లో పుట్టింది. ఇప్పటికి ఆ పేరుతో 5 కోట్లకు పైగా కార్లు అమ్ముడుపోయాయి.

మరి ఈ గట్టితనం ఎక్కణ్ణుంచి వచ్చింది? నా మటుకు నాకు జవాబు మగ్గం దగ్గరే ఉంది. కీచిరో తండ్రి సాకిచి టయోడా 1924లో పూర్తిచేసిన జీ రకం మగ్గంలో పడుగు దారం తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. తెగిన దారంతో గజాల కొద్దీ బట్ట పాడవదు. ఒక్క మనిషి చాలా మగ్గాలు చూసుకోవచ్చు. మన మంగళగిరి, పోచంపల్లి నేతగాళ్ళకి ఈ మాట విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1929లో ఈ మగ్గం పేటెంట్ హక్కుల్ని ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. అదే పద్ధతి తర్వాత కార్ల ఫ్యాక్టరీలోకి వచ్చింది. బిగింపులో తేడా కనిపిస్తే మామూలు కార్మికుడు సైతం తాడు లాగి లైను ఆపించవచ్చు. తప్పును ముందుకు పోనివ్వకుండా అక్కడే పట్టుకుంటారు. టయోటా ఇంజినీరు తైచీ ఓనో లాంటివాళ్ళు దీన్ని ఏళ్ళ తరబడి పదునుపెట్టారు. అంటే ఈ గట్టితనం రోజూ పాటించాల్సిన క్రమశిక్షణ. పాటించిన చోట బండి నిలుస్తుంది, తప్పిన చోట ఏ లోగో కాపాడదు.

అపోహ: మన ఇన్నోవా జపాన్ నుంచి వస్తుంది, అందుకే అంత గట్టి

బెంగళూరు దగ్గర బిడదిలో తయారవుతుంది. టయోటా కిర్లోస్కర్ 1997లో ఏర్పడింది, 2000లో క్వాలిస్‌తో అమ్మకాలు మొదలుపెట్టింది. ఆ క్వాలిస్ కూడా ఇండోనేషియాలో కిజాంగ్ పేరుతో తిరిగిన బండికి మన దేశపు రూపం. అందులోని 2.4 లీటర్ల 2ఎల్ ఇంజిన్‌కి టర్బో (ఇంజిన్లోకి ఎక్కువ గాలి తోసేది) లేదు, కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి) లేదు. అప్పటికే పాతబడిన డిజైన్. ఆ పాతదనమే దాని బలం. ఎన్నో దేశాల్లో తిరిగి, లోపాలన్నీ బయటపడి, సరిచేసుకున్నాక మన దగ్గరికొచ్చింది. 2005లో ఇన్నోవా, 2016లో దాని తర్వాతి తరం ఇన్నోవా క్రిస్టా వచ్చాయి. కొత్త టెక్నాలజీని అందరికంటే ముందు పెట్టాలన్న తొందర ఈ కంపెనీకి సాధారణంగా ఉండదు. ఫీచర్లు చూసి కొనేవాళ్ళు దీన్ని లోపం అంటారు. నాకైతే అది సుగుణం.

(అంతకు ముందే, 1980లలో, డీసీఎం టయోటా పేరుతో చిన్న లారీలు మన దేశంలో తయారయ్యాయి. అదే కాలంలో మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీలు చేసేవాళ్ళు. వాటి మీద పని నేర్చుకున్న పెద్దవాళ్ళు ఆటోనగర్‌లో ఇంకా కనిపిస్తారు.)

అపోహ: టయోటా బండ్లలో తయారీ లోపాలు ఉండవు

ఉంటాయి, ఉన్నాయి. అమెరికాలో 1995 తర్వాత వచ్చిన టకోమా పికప్పులకు చాసిస్సే తుప్పుపట్టి చిల్లులు పడింది. బండ్లు వెనక్కి కొన్నారు. ఆ తర్వాతి మోడళ్ళ చాసిస్ కేసు 2016లో 340 కోట్ల డాలర్ల దాకా విలువైన రాజీకి వచ్చింది. ఆస్ట్రేలియాలో 2015 నుంచి 2020 మధ్య అమ్మిన హైలక్స్, ఫార్చ్యూనర్, ప్రాడో డీజిళ్ళలో పొగమసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తనను తాను సరిగా శుభ్రం చేసుకోలేకపోయింది. తెల్లపొగ కక్కేవి. 2,60,000కు పైగా బండ్లలో ఆ లోపం ఉందని అక్కడి ఫెడరల్ కోర్టు 2022లో తేల్చింది. 2024లో టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ కలిపి లక్షకు పైగా బండ్లు రీకాల్ అయ్యాయి, అంటే లోపం సరిచేయడానికి కంపెనీయే వెనక్కి పిలిచింది. తయారీలో మిగిలిన లోహపు తురుము ఇంజిన్‌లో ఉండిపోయి బేరింగులను తినేస్తుందన్నది కారణం.

2009-10 నాటి యాక్సిలరేటర్ గొడవ మీరు వినే ఉంటారు. ఫ్లోర్ మ్యాట్ పెడల్‌కి అడ్డుపడటం, కొన్ని బండ్లలో పెడల్ అతుక్కుపోవడం. ప్రాణాలు పోయాయి. లక్షలాది బండ్లు వెనక్కి పిలిచారు. అప్పటి కంపెనీ అధ్యక్షుడు, కీచిరో మనవడు అకియో టయోడా అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని క్షమాపణ చెప్పాడు. ఎలక్ట్రానిక్స్‌లో దోషం ఉందేమోనని నాసా ఇంజినీర్లతో కూడా పరీక్ష చేయిస్తే అలాంటి ఆధారం దొరకలేదు. అయినా జనానికి నిజం చెప్పకుండా దాచినందుకు 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. పెడల్ లోపం కంటే ఆ దాచడం పెద్ద తప్పని నా అభిప్రాయం.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మాత్రం 2024 జనవరిలో బయటపడ్డది. మన క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్‌లో వచ్చే డీజిల్ ఇంజిన్ల సర్టిఫికేషన్ పరీక్షలో, పవర్ అంకెలు ఎగుడుదిగుడు లేకుండా కనిపించేలా వేరే సాఫ్ట్‌వేర్ ఉన్న ఈసీయూ (ఇంజిన్ను నడిపే కంప్యూటరు) వాడారు. చేసింది టయోటా ఇండస్ట్రీస్. అంటే పడుగు తెగితే ఆగే మగ్గాన్ని తయారుచేసిన ఆ పాత కంపెనీయే. మన దేశంలో కూడా ఆ మూడు బండ్ల పంపిణీ కొద్ది రోజులు ఆపి, మళ్ళీ మొదలుపెట్టారు. మీ ఇంజిన్‌కి దీనివల్ల ముప్పేమీ లేదు, కంగారు పడకండి. కానీ అంకె తేడాగా వస్తే అక్కడ ఆగి కారణం వెతకాలన్నది ఆ ఇంటి మొదటి పాఠం. దాన్ని అక్కడే మర్చిపోయారు.

రీకాల్ అయిన బండి చెడ్డదని కూడా అనుకోకండి. మీ బండి చాసిస్ నంబరు రీకాల్‌లో ఉందేమో షోరూములో కనుక్కోండి. ఆ పని ఉచితంగా చేస్తారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది.

అపోహ: ఇంజిన్ బోర్‌కి రాకుండా ఐదు లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది, ఆయిల్ కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు

మొదటి సగం నిజమే. ఇంజిన్ విప్పకుండా అంత దూరం తిరిగిన ఇన్నోవాలు మా దగ్గరికి సర్వీసుకి వస్తుంటాయి. రెండో సగం నమ్మినవాళ్ళవి మాత్రం వాటిలో ఉండవు.

ట్రావెల్స్ బండ్లు అంతకాలం ఎందుకు నిలుస్తాయో చూడండి. విజయవాడ-హైదరాబాద్ లాంటి దారిలో గంటల కొద్దీ ఒకే వేగంతో పోతాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోతుంది, టర్బో సాఫీగా తిరుగుతుంది. కిలోమీటర్లు త్వరగా నిండుతాయి కాబట్టి ఆయిల్ కూడా త్వరగా మారుస్తారు. బండి ఆగితే ఆ రోజు కూలి పోతుందని డ్రైవరు చిన్న శబ్దం విన్నా తీసుకొస్తాడు. అదే ఇన్నోవా ఇంట్లో ఉండి, రోజూ బడికీ బజారుకీ మాత్రమే తిరిగితే, ‘కిలోమీటర్లు కాలేదు కదా’ అని ఏడాదిన్నర దాకా ఆయిల్ మార్చరు. నిజానికి దానికే ముందు మార్చాలి. కిలోమీటర్లు నిండకపోయినా పుస్తకంలో రాసిన నెలలు నిండితే మార్చాల్సిందే.

పాత ఇన్నోవా 2.5 ఇంజిన్, మూడు లీటర్ల ఫార్చ్యూనర్ ఇంజిన్ ఉన్నవాళ్ళు ఇంజెక్టర్ల విషయం తప్పక తెలుసుకోవాలి. ఇంజెక్టరు కింద చిన్న వాషరు ఉంటుంది. అది వదులైతే మండిన గ్యాసు పైకి తన్ని ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తారులా చిక్కబడుతుంది. ఆ మడ్డి అడుగున ఆయిల్ పీల్చే జాలీకి అడ్డుపడితే పైకి ఆయిల్ అందదు. ముందు టర్బో పోతుంది, తర్వాత బేరింగులు. చిన్న వాషరు దగ్గర మొదలైంది క్రాంక్ దాకా వస్తుంది. ఉదయం సెల్ఫ్ కొట్టగానే టకటకమనే శబ్దం, ఇంజెక్టర్ల చుట్టూ నల్లటి తడి, ఆయిల్ మూత తీస్తే గుప్పుమనే పొగ కనిపిస్తే వారం కూడా ఆగొద్దు. సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే పాత్ర) దించి ఆ జాలీ చూడమని మెకానిక్‌ని అడగండి.

మడ్డి పట్టడం మన రోడ్ల జబ్బని కూడా అనుకోవద్దు. 1997-2002 మధ్య అమెరికాలో అమ్మిన కొన్ని టయోటా పెట్రోల్ ఇంజిన్లలో ఇదే ఫిర్యాదు పెద్ద ఎత్తున వచ్చింది. దాదాపు 33 లక్షల బండ్లకు ఎనిమిదేళ్ళ దాకా రిపేరు భరిస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది.

ఇక టైమింగ్ బెల్ట్, అంటే వాల్వులు సరైన సమయానికి కదిలేలా తిప్పే బెల్ట్. క్రిస్టాకి దాని బదులు చైన్ ఉంది. క్వాలిస్‌కీ, పాత ఇన్నోవాకీ బెల్ట్. ఈ తేడా తెలియకుండా ‘మనది చైన్ బండేగా’ అనుకునే ఓనర్లు చాలామంది. బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్ మొత్తం పోతుంది. డాష్‌బోర్డులో దీపం వెలిగితే, బెల్ట్ మార్చకుండా ఆ దీపాన్ని మాత్రం ఆర్పించి బండి అమ్మేవాళ్ళు ఉన్నారు. పాత ఇన్నోవా కొంటే బెల్ట్ మార్చిన బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ముందు ఆ పని చేయించండి.

కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోయడం మన వైపు ఇంకా పోలేదు. రేడియేటర్లో సున్నం పేరుకుని, మే నెలలో హెడ్ గాస్కెట్ కొట్టేస్తుంది.

అపోహ: టయోటా లోగో ఉంటే లోపలంతా టయోటానే

2019 నుంచి ఇది మారింది. గ్లాంజా అంటే మారుతి బాలెనో, రూమియన్ అంటే ఎర్టిగా, టైజర్ అంటే ఫ్రాంక్స్. సుజుకీతో ఒప్పందం మీద వచ్చినవి. మారుతి అమ్మే ఇన్‌విక్టో మాత్రం అటు నుంచి ఇటు. అది మన ఇన్నోవా హైక్రాస్. ఇవి చెడ్డ బండ్లు కావు, తక్కువ ఖర్చుతో తిరుగుతాయి. కానీ ఇన్నోవా లాంటి చాసిస్ బండి మన్నిక గ్లాంజా నుంచి ఆశించి, ఐదుగురినీ సామాన్నీ ఎక్కించి ఘాట్ రోడ్ల మీద తోలితే క్లచ్ ప్లేటుది తప్పు కాదు.

అపోహ: హైబ్రిడ్ బ్యాటరీ మూడేళ్ళకి పోతుంది, లక్షలు పోయాలి

పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీతో నడిచే మోటారు రెండూ ఉండే బండే హైబ్రిడ్. టయోటా 1997లో ప్రియస్ అనే హైబ్రిడ్ కారు తెచ్చింది. పాతికేళ్ళకు పైగా లోకమంతా టాక్సీలుగా కూడా తిరుగుతున్న పద్ధతి ఇది, కొత్త ప్రయోగం కాదు. హైక్రాస్, హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీలకు మన దేశంలో కంపెనీ ఇచ్చిన వారంటీ ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. బ్యాటరీకి నిజమైన శత్రువు వేడి. దాన్ని చల్లబరిచే గాలి బండి లోపలి నుంచే వెళ్తుంది. ఆ గాలి పీల్చే జాలీ మీద సంచులు, దుప్పట్లు పడేయకండి. పెంపుడు కుక్కని ఎక్కించుకునేవాళ్ళయితే, దాని వెంట్రుకలు ఆ జాలీలో చిక్కుకుంటాయి. ప్రతి సర్వీసుకీ విప్పి దులపమని అడగండి. చాలాచోట్ల అడిగితే తప్ప చేయరు.