సినిమా ఫ్రీ అయితే మ్యూజిక్ ఫ్రీ కాదు: పాత హారర్ బీజీఎంల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఆ సినిమా పబ్లిక్ డొమైన్‌లో ఉందంట కదా, అందుకే దాని బీజీఎం తీసి పెట్టేశాం." ఈ మాట వినకుండా నాకు నెల గడవదు. (పబ్లిక్ డొమైన్ అంటే ఎవరి కాపీరైట్టూ లేక అందరి సొత్తు అయినది.) నేను షార్ట్ ఫిల్ములకి, వెబ్ సిరీస్‌లకి ఆర్ఆర్ (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) చేస్తాను, మిక్సింగ్ కూడా చూస్తాను. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో దెయ్యం కథలు చెప్పే యూట్యూబ్ ఛానళ్ల వాళ్లు చాలామంది. వాళ్లకి 50ల, 60ల నాటి అమెరికన్ చిన్న బడ్జెట్ హారర్, సైన్స్ ఫిక్షన్ సినిమాల సౌండ్ అంటే పిచ్చి. ఆ పిచ్చి నాకూ ఉంది కాబట్టి వాళ్ల మీద కోపం రాదు. కోపమల్లా వాళ్ల చెవిలో తప్పుడు మాటలు ఊదే గ్రూపుల మీద.

అపోహ: సినిమా పబ్లిక్ డొమైన్ అయితే దాని సంగీతమూ పబ్లిక్ డొమైనే.

జనం ఎక్కువగా మునిగేది ఇక్కడే. అందరూ చూపించే ఉదాహరణ 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968). పెన్సిల్వేనియాలో జార్జ్ రొమెరో బృందం దాదాపు లక్షా 14 వేల డాలర్లలో తీసిన సినిమా. మొదట దాని పేరు వేరు. పంపిణీదారు పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డూ మారింది. పాత కార్డు మీదున్న కాపీరైట్ నోటీసు కొత్త కార్డు మీదికి ఎక్కలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం నోటీసు లేకుండా విడుదల చేస్తే హక్కు పోయినట్టే. అలా ఆ సినిమా అందరి సొత్తు అయిపోయింది. ఇంతవరకూ మీ గ్రూపులో చెప్పింది నిజమే.

దాని సంగీతం ఎక్కడిదో మాత్రం ఎవరూ అడగరు. అందులో ఎక్కువ భాగం ఆ సినిమా కోసం కట్టింది కాదు. అందరం నేలమాళిగలో దాక్కుందామని గొడవపడే హ్యారీ కూపర్ గుర్తున్నాడా? ఆ వేషం వేసిన కార్ల్ హార్డ్‌మన్ క్యాపిటల్ రికార్డ్స్ వాళ్ల 'హై-క్యూ' లైబ్రరీ నుంచి ట్రాకులు ఏరి, తను తయారుచేసిన ఎలక్ట్రానిక్ శబ్దాలు కొన్ని కలిపాడు. ఆ ట్రాకుల్లో కొన్ని 'టీనేజర్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' (1959)లో అప్పటికే వినిపించాయి. లైబ్రరీ మ్యూజిక్ అంటే ఎవరైనా వాడుకునేలా ముందే రికార్డు చేసి పెట్టిన సంగీతం. ఫీజు కడితే వాడుకోవడానికి అనుమతి ఇస్తారు, సొంతదారు మాత్రం లైబ్రరీయే. సినిమా వాళ్లు తమ టైటిల్ కార్డు మీద నోటీసు మరిచిపోయినంత మాత్రాన ఎవరిదో అయిన ఆ సంగీతం గాలికి పోదు. పెళ్లివారు పందిరి వదిలేసి వెళ్లిపోయారని టెంట్ హౌస్ కుర్చీలు మనింటికి పట్టుకుపోతామా?

అయినా "అంత పాత లైబ్రరీలు ఇప్పుడెవరు చూస్తారన్నా" అంటారు. చూస్తారు. అదే రొమెరో 1978లో 'డాన్ ఆఫ్ ది డెడ్' తీసినప్పుడు గోబ్లిన్ బ్యాండ్ సంగీతంతో పాటు బ్రిటన్‌కు చెందిన డి వోల్ఫ్ లైబ్రరీ ట్రాకులు చాలా వాడాడు. షాపింగ్ మాల్‌లో జాంబీలు తూలుతూ నడుస్తుంటే వచ్చే ఆ వెటకారపు బ్యాండు మేళం, హెర్బర్ట్ చాపెల్ కట్టిన 'ది గాంక్', అక్కడిదే. డి వోల్ఫ్ 1909లో మొదలైన సంస్థ, ఇప్పటికీ వ్యాపారంలోనే ఉంది. పాత కేటలాగే వాళ్లకి ఆస్తి.

ఇంకో చిక్కు ఉంది. ఒక ట్రాకులో రెండు హక్కులుంటాయి: స్వరరచన మీద ఒకటి, దాని రికార్డింగ్ మీద ఇంకొకటి. బేలా లుగోసీ నటించిన 'డ్రాక్యులా' (1931) టైటిల్స్‌లో వినిపించేది చైకోవ్‌స్కీ 'స్వాన్ లేక్'. ఆయన 1893లోనే పోయాడు కాబట్టి ఆ స్వరాలు ఎవరైనా వాయించుకోవచ్చు. కానీ నిన్న ఏదో ఆర్కెస్ట్రా రికార్డు చేసిన 'స్వాన్ లేక్' ఫైలు మీద ఆ ఆర్కెస్ట్రాకో, దాని లేబుల్‌కో హక్కు ఉంటుంది. దీన్ని తిప్పి చూస్తే మంచి వార్త కూడా ఉంది. మీ ఊళ్లో కీబోర్డు వాయించే తమ్ముడి చేత అదే స్వరం వాయించుకుని రికార్డు చేస్తే అది మీది. అదే ఏడాది అమెరికాలో విడుదలైన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' టైటిల్స్‌లో బాఖ్ 'టొకాటా అండ్ ఫ్యూగ్' ఉంటుంది. అదీ అంతే, బాఖ్ పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది.

మన చట్టంలో రికార్డింగ్‌కి ప్రచురణ తర్వాత 60 ఏళ్లు, స్వరకర్తకి మరణం తర్వాత 60 ఏళ్లు రక్షణ. 'సైకో' (1960)కి సంగీతం ఇచ్చిన బెర్నార్డ్ హెర్మన్ 1975లో పోయాడు, అంటే మన లెక్కలోనే 2035 చివరిదాకా ఆగాలి. అమెరికాలో ఇంకా కఠినం. 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15 లోపు వచ్చిన రికార్డింగులకి 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది. "నేను ఖమ్మంలో కూర్చుని చేస్తున్నా, అమెరికా చట్టంతో నాకేం పని" అనకండి. మీ వీడియో డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లూ చూస్తారు, ఆ వ్యూస్‌కే యాడ్ డబ్బులు ఎక్కువ.

ఖమ్మం అని ఊరికే అనలేదు. అక్కడి నుంచే ఒక అబ్బాయి రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన కథలు సేకరించి తన గొంతుతోనే చెప్తాడు, చాలా బాగా చెప్తాడు. వీడియోలన్నిటి కిందా పాత సినిమాల మ్యూజిక్ పరిచాడు. ఫైలు పక్కన 'పబ్లిక్ డొమైన్' అని రాసి ఉందని స్క్రీన్‌షాట్ కూడా పంపాడు. అది ఎవరో అప్‌లోడ్ చేసినవాడు పెట్టుకున్న టిక్కు మాత్రమే. ఆ మాటకి పూచీ ఎవరూ పడరు. వరసగా 'ఈ మ్యూజిక్ మాది' అని హక్కుదారుల క్లెయిములు రావడంతో ఛానల్ పోతుందని, పోలీసులు ఇంటికొస్తారని, నాన్నకి తెలిస్తే లాప్‌టాప్ అమ్మేస్తాడని ఒకటే టెన్షన్. ఇంతలో టెలిగ్రామ్‌లో ఎవడో 'క్లెయిములు తీసేస్తాం' అని డబ్బులు తీసుకుని, అన్నిటి మీదా 'ఇది పబ్లిక్ డొమైన్' అని డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టేశాడు.

ఇలా డిస్ప్యూట్ పెట్టడంతోనే అసలు నష్టం. కంటెంట్ ఐడీ (ఆడియోని దానంతటదే పోల్చి పట్టే యూట్యూబ్ యంత్రం) క్లెయిము వేరు, కాపీరైట్ స్ట్రైక్ (వీడియో తీసేసి ఛానల్ మీద వేసే హెచ్చరిక) వేరు. క్లెయిము వస్తే సాధారణంగా ఆ వీడియో యాడ్ డబ్బులు హక్కుదారుకి పోతాయి, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనపడదు. ఛానల్‌కి దెబ్బ ఉండదు, పోలీసులు రారు. ఆ యంత్రానికి సినిమా చరిత్ర తెలియదు, ఆడియో ముద్ర కలిసిందా లేదా అనేదే చూస్తుంది. డిస్ప్యూట్ పెడితే అవతలివాళ్లకి జవాబుకి 30 రోజులు గడువు. వాళ్లు ఒప్పుకోకపోతే మీరు అప్పీలుకి వెళ్లొచ్చు. అది కూడా తోసేస్తే వీడియో తీసేయించి స్ట్రైక్ పడేస్తారు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోవచ్చు. అంటే ఉత్త క్లెయిముని డబ్బులిచ్చి మరీ స్ట్రైక్ దాకా తీసుకెళ్తున్నాడు ఆ టెలిగ్రామ్ మహానుభావుడు! అదృష్టం బాగుండి మావాడివి అప్పీలు దాకా పోలేదు. డిస్ప్యూట్లు ఆపేసి, యూట్యూబ్ స్టూడియోలోకి వెళ్లి ఆ పాట భాగం మ్యూట్ చేయడమో మార్చడమో చేయమన్నాను. గొంతుకి, మ్యూజిక్‌కి వేరు వేరు ట్రాకులు దాచుకుని ఉన్నాడు కాబట్టి పని తేలికయింది. మీరూ దాచుకోండి దయచేసి. అన్నీ కలిపేసిన ఒక్క ఫైలు తెచ్చి 'మ్యూజిక్ ఒక్కటి తీసెయ్యన్నా' అంటే నా దగ్గర మంత్రదండం లేదు.

అపోహ: ఏడు సెకన్లు, పదిహేను సెకన్లు, ముప్పై సెకన్ల లోపు అయితే పర్లేదు.

మన చట్టంలో గానీ, అమెరికా చట్టంలో గానీ సెకన్ల లెక్క లేదు. మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 సమీక్ష, విమర్శ లాంటి అవసరాలకి న్యాయమైన వాడకాన్ని ఒప్పుకుంటుంది, దెయ్యం వచ్చినప్పుడు ఢమ్మని మోగించడం ఆ కోవలోకి రాదు. పిచ్ మార్చినా, డిస్క్రిప్షన్‌లో 'క్రెడిట్స్ టు ఓనర్' అని రాసినా ఇదే జవాబు. ముందుకు పోదాం.

అపోహ: ఆ సినిమాలన్నిట్లో వినిపించే 'ఊఁ...' అనే వణుకుడు శబ్దం థెరమిన్.

కొన్నిట్లో నిజమే. 'రాకెట్‌షిప్ ఎక్స్-ఎం' (1950), 'ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్' (1951), 'ఇట్ కేమ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' (1953), వీటిల్లో ఉన్నది థెరమినే. అదొక ఎలక్ట్రానిక్ వాద్యం, దాన్ని తాకకుండా, రెండు యాంటెన్నాల దగ్గర చేతులు ఆడిస్తూ వాయిస్తారు. హాలీవుడ్‌లో దానికి పెట్టింది పేరు డాక్టర్ శామ్యూల్ హాఫ్‌మన్. డాక్టర్ అన్నది బిరుదు కాదు, ఆయన వృత్తి పాదాల వైద్యం! పగలు కాళ్లు చూసి, తీరిక దొరికితే గ్రహాంతరవాసులకి గొంతు ఇచ్చేవాడన్నమాట.

'ఫర్బిడెన్ ప్లానెట్' (1956) సంగతి వేరు. అది చిన్న బడ్జెట్ సినిమా కాదు, అయినా అందరూ థెరమిన్ అని ఒట్టేసి చెప్పేది దీని గురించే కాబట్టి చెప్తున్నా. లూయీ, బెబె బ్యారన్ దంపతులు సొంతంగా సర్క్యూట్లు కట్టి, అవి వేడెక్కి కాలిపోయేదాకా నడిపి, ఆ శబ్దాలు టేపు మీద పట్టి, తర్వాత కోసి అతికించి మొత్తం తయారుచేశారు. అందులో థెరమిన్ లేనే లేదు. సంగీతకారుల యూనియన్‌తో పేచీ వస్తుందని టైటిల్స్‌లో 'సంగీతం' అనకుండా 'ఎలక్ట్రానిక్ టొనాలిటీస్' అని వేశారు. ఇక చవక సినిమాల్లో చాలాచోట్ల హామండ్ ఆర్గన్, వైబ్రాఫోన్, మూత బిగించిన ట్రంపెట్లే ఆ పని చేశాయి. థెరమిన్ కొనాలా అని అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను: వద్దు, ముందు చెవి పెట్టి వినండి.

అపోహ: డబ్బుల్లేక చేసిన సంగీతం కాబట్టి అది నాసిరకం.

'కార్నివాల్ ఆఫ్ సోల్స్' (1962) దాదాపు 33 వేల డాలర్ల సినిమా. జీన్ మూర్ చర్చి ఆర్గన్ తప్ప దాదాపు ఏమీ లేదు, కథానాయికే ఆర్గన్ వాయించేది కాబట్టి ఆ ఒక్క వాద్యమే కథా అయింది, భయమూ అయింది. ఇంగ్లండ్‌లో 'ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' (1955)కి జేమ్స్ బెర్నార్డ్ తంత్రీ వాద్యాలు, తాళ వాద్యాలతో సరిపెట్టాడు. హెర్మన్ 'సైకో'కి తీగ వాద్యాలు తప్ప ఏమీ వాడలేదు. ఆ షవర్ సీన్‌కి అసలు సంగీతమే వద్దనుకున్నాడు దర్శకుడు హిచ్‌కాక్, హెర్మన్ వినిపించాక మనసు మార్చుకున్నాడు. చవక సినిమాల దర్శక నిర్మాత రోజర్ కోర్మన్ సినిమాల దగ్గర మాత్రం కాస్త నవ్వు వస్తుంది. ఫ్రెడ్ కాట్జ్ 'ఎ బకెట్ ఆఫ్ బ్లడ్' (1959)కి ఇచ్చిన సంగీతమే 'ది వాస్ప్ ఉమన్'లోనూ, 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్'లోనూ మళ్లీ వినిపిస్తుంది. కాట్జ్ జాజ్ చెలో వాద్యకారుడు. ఒకే సరుకు అన్నిసార్లు చెల్లిందంటే సరుకు గట్టిదనే కదా.

అపోహ: టైటిల్స్‌లో పేరున్నవాడే కట్టాడు.

'క్రియేచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్' (1954)లో సంగీత పర్యవేక్షణకి జోసెఫ్ గెర్షెన్సన్ పేరే కనిపిస్తుంది. కట్టింది హెర్మన్ స్టైన్, హాన్స్ సాల్టర్, అప్పటికింకా కుర్రాడైన హెన్రీ మాన్సినీ. జంతువు కనిపించినప్పుడల్లా అరిచే ఆ మూడు స్వరాల ఇత్తడి మోత స్టైన్‌ది. అనుమతి కోసం మెయిల్ రాయాలంటే టైటిల్ కార్డు చూసి రాయకండి, క్యూ షీట్ అడగండి. ఏ నిమిషంలో ఏ ట్రాకు ఉంది, ఎవరు కట్టారు, హక్కు ఎవరిది అన్నది రాసి ఉండేది అందులోనే.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ సౌండ్ కావాలి, డబ్బుల్లేవు, ఏం చేయాలి? ఖమ్మం అబ్బాయికి చేసిందే చెప్తాను. వాళ్లింట్లో భజనలకి వాడే పాత హార్మోనియం ఉంది. కింది స్థాయిలో పక్కపక్క మెట్లు రెండు కలిపి నొక్కి పట్టుకుని, బెల్లోస్ చాలా నెమ్మదిగా తొయ్యమన్నాను. ఫోన్లోనే రికార్డు చేసి పంపాడు. దాన్ని ఒక ఆక్టేవ్ కిందికి దించి, పెద్ద హాలు రివర్బ్ (ప్రతిధ్వని) వేసి, పైన ఉన్న గాలి శబ్దం కొంచెం కోశాను. ఆర్గన్‌కి దగ్గరగానే వచ్చింది. దాని మీద డ్రమ్స్‌లో ఉండే ఇత్తడి పళ్లెం, సింబల్, అంచుని వయొలిన్ కమానుతో గీసిన శబ్దం ఒకటి చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టాను. ఇప్పుడు ఆ ట్రాకు మీద వాడికి ఎవరి క్లెయిమూ లేదు.

లైబ్రరీ నుంచే కొంటానంటే కొనండి, తప్పులేదు. లైసెన్సులో యూట్యూబ్ మానిటైజేషన్, ఫెస్టివల్, ఓటీటీ అని విడివిడిగా రాసి ఉందో లేదో చూడండి. షార్ట్ ఫిల్మ్‌కని కొన్న లైసెన్సు ఓటీటీకి అమ్మినప్పుడు పనికిరాక చివరి నిమిషంలో ఆర్ఆర్ మొత్తం మార్చిన సినిమాలున్నాయి. రసీదు, లైసెన్సు పీడీఎఫ్, ట్రాకు పేరు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. అప్పుడు క్లెయిము వచ్చినా భయపడక్కర్లేదు, లైసెన్సు ఉందని దర్జాగా డిస్ప్యూట్ పెట్టొచ్చు. ఎడిటింగ్‌లో రిఫరెన్స్ కోసం పాత సినిమా ట్రాకు పెట్టుకుంటే దాని ఫైలు పేరు ముందు 'టెంప్' (తాత్కాలికం) అని రాయండి, ఫైనల్ మిక్స్‌కి వచ్చేటప్పుడు అవన్నీ తీసేసి రండి.