నవలలో మనిషి తెరమీదికొచ్చేసరికి ఎందుకు మారిపోతాడు?

హ్యారీ పాటర్ నాలుగో పుస్తకంలో ఒక చిన్న సన్నివేశం ఉంది. పోటీకి పేర్లు ఎంపిక చేసే మాయా కప్పులోంచి ఎవరూ ఊహించని విధంగా హ్యారీ పేరు బయటికొస్తుంది. ఆ పేరు నువ్వే వేశావా అని, హ్యారీ చదివే బడికి పెద్ద అయిన డంబుల్‌డోర్ అతన్ని శాంతంగా అడుగుతాడు. 'శాంతంగా' అనేది నేను చేర్చిన మాట కాదు, రచయిత్రే అలా రాసింది. 2005లో వచ్చిన సినిమాలో అదే డంబుల్‌డోర్ విసురుగా దూసుకొచ్చి, పిల్లాణ్ణి పట్టుకుని వెనక్కి నెట్టుకుపోతూ గట్టిగా అడుగుతాడు. ఈ ఒక్క సీను మీద అభిమానులు ఇరవై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

ఆ సీనులో ప్రశ్న అదే, జవాబూ అదే. కథ దారి తప్పలేదు. కానీ అంతవరకూ ఆ ముసలాయనను నమ్ముకుని చదివినవాడికి తెరమీద వేరే మనిషి కనిపించాడు. 'పుస్తకమే బాగుంది' అనే మాట వెనక చాలాసార్లు ఉండే బాధ ఇదే. ఆ బాధకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

మొదట్లో గొడవ పాత్రల గురించి కాదు, హక్కుల గురించి. లూ వాలెస్ నవల 'బెన్‌హర్' 1880లో వచ్చింది. 1907లో కేలెం అనే కంపెనీ ఎవరినీ అడక్కుండా అందులోని రథాల పందెం లాంటి ఘట్టాలు తీసుకుని సుమారు పావుగంట మూకీ సినిమా తీసేసింది. అప్పటికి రచయిత చనిపోయి రెండేళ్లయింది. ప్రచురణకర్తలు హార్పర్ బ్రదర్స్ కోర్టుకెళ్లారు. కదిలే బొమ్మలతో కథ చెప్పినా అది నాటకంగా మలచడం కిందికే వస్తుందని, అనుమతి తీసుకోవాల్సిందేనని 1911లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. నవలల సినిమా హక్కుల వ్యాపారానికి గట్టి పునాది పడింది అక్కడే. జర్మనీలో 'డ్రాక్యులా'ను పేర్లు మార్చి 1922లో 'నోస్ఫెరాటు'గా తీసినప్పుడు ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కేసు వేసి గెలిచింది. ప్రింట్లన్నీ ధ్వంసం చేయమని కోర్టు ఆదేశించినా కొన్ని మిగిలాయి కాబట్టే ఈ రోజు ఆ సినిమా చూడగలుగుతున్నాం.

హక్కులు కొన్నాక నిడివి సమస్య వచ్చింది. దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ఒక నవలను పేజీ వదలకుండా తీయాలనుకున్నాడు. అలా తయారైన 'గ్రీడ్' మొదటి రూపం ఎనిమిది గంటల పైనే. స్టూడియో దాన్ని కోసి, 1924లో రెండు గంటల చిల్లర నిడివితో విడుదల చేసింది. కోసేసిన భాగం మళ్లీ దొరకలేదు. మొత్తం పుస్తకాన్ని తెరమీదికి ఎత్తాలంటే ఏమవుతుందో అప్పుడే తేలిపోయింది. 1939లో వచ్చిన 'గాన్ విత్ ద విండ్' దాదాపు నాలుగు గంటలు. అయినా నవలలో కథానాయిక స్కార్లెట్‌కు ముగ్గురు పిల్లలైతే సినిమాలో ఒక్కతే కూతురు. దీని మీద పెద్దగా గొడవ జరగలేదు, నాకూ అభ్యంతరం లేదు. స్కార్లెట్ స్కార్లెట్‌గానే ఉంది కదా.

అసలు ఇబ్బంది మరుసటి ఏడాది 'రెబెకా'తో కనిపిస్తుంది. నిర్మాత సెల్జ్‌నిక్ నవలకు కట్టుబడి ఉండాలని పట్టుబట్టి, దర్శకుడు హిచ్‌కాక్ మార్పులతో రాయించిన మొదటి కథనాన్ని తిప్పికొట్టాడు. అంత పంతం పట్టినవాడు కూడా ఒక్కచోట తలొగ్గాడు. నవలలో కథానాయకుడు మాక్సిమ్ తన మొదటి భార్యను తుపాకీతో కాల్చి చంపుతాడు. హంతకుడికి శిక్ష పడకుండా వదలకూడదని అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమావళి చెప్పేది. అందుకని సినిమాలో ఆమె పడిపోయి తలకు దెబ్బ తగిలి చనిపోతుంది. చూడ్డానికి చిన్న మార్పే. కానీ నవలలో రెండో భార్య, తన భర్త హత్య చేశాడని తెలిసి కూడా అతని పక్కన నిలబడుతుంది. భయస్తురాలిగా ఉన్న పిల్ల ఆ రాత్రితో పెద్దదవుతుంది. ఆ నిర్ణయంలో ఉన్న చీకటి కూడా మనకు తెలుస్తుంది. సినిమాలో ఆమె నిలబడింది నిర్దోషి పక్కన. సినిమా నాకు చాలా ఇష్టం, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ రావడం న్యాయమే. కానీ ఆ అమ్మాయికి మాత్రం అన్యాయం జరిగింది.

1954లో త్రుఫో అనే కుర్ర ఫ్రెంచ్ విమర్శకుడు ఒక ఘాటైన వ్యాసం రాశాడు. నవలలో కొన్ని సీన్లు తీయడం కుదరదని స్క్రీన్‌ప్లే రచయితలే ముందుగా తీర్మానించుకుని, వాటి బదులు సొంతంగా కల్పించినవి పెడుతున్నారని అతని ఫిర్యాదు. తర్వాత అతనూ దర్శకుడై నవలలను సినిమాలుగా తీశాడు. ఆ తరం వాదనలతో సినిమాకు అసలు రచయిత దర్శకుడే అన్న నమ్మకం బలపడింది. అప్పటిదాకా మార్పులకు కారణం స్టూడియో, సెన్సార్. ఆ తర్వాత దర్శకుడి చూపు కూడా ఒక కారణమైంది.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 'ది షైనింగ్'. స్టీఫెన్ కింగ్ నవల 1977లో, దర్శకుడు కుబ్రిక్ తీసిన సినిమా 1980లో వచ్చాయి. నవలలో జాక్ తాగుడు నుంచి బయటపడి, కుటుంబాన్ని నిలబెట్టుకోవాలని తాపత్రయపడే తండ్రి. అతను కాపలాకు చేరిన దయ్యాల హోటల్ అతన్ని కొంచెం కొంచెంగా మింగేస్తుంది. చివర్లో ఒక్క క్షణం అతను తేరుకుని, కొడుకుతో పారిపొమ్మని, నిన్ను ఎంత ప్రేమించానో గుర్తుపెట్టుకోమని అంటాడు. ఆ పేజీ చదివి నేను పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. సినిమాలో ఆ క్షణం లేదు. జాక్ మొదటినుంచే పిచ్చివాడిలా కనిపిస్తాడన్నది కింగ్ ఫిర్యాదు, అది నిజమే. 1997లో ఆయనే స్క్రీన్‌ప్లే రాసి టీవీ సిరీస్‌గా తీయించుకున్నాడు. నవలకు అది చాలా దగ్గరగా ఉంటుంది. అయినా సినిమాగా కుబ్రిక్‌దే గొప్పది. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనాల్సి రావడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' విషయంలో రచయిత అభిప్రాయమే మనకు దొరుకుతుంది. 1957లో సినిమా తీస్తామని కొందరు కథనం పంపితే, కొన్ని భాగాలు ఎంచుకుని మిగతావి వదిలేయడం మేలని, అన్నీ కుక్కేస్తే గందరగోళమవుతుందని టోల్కీన్ ఉత్తరంలో రాశాడు. పీటర్ జాక్సన్ 2001 నుంచి 2003 దాకా మూడు సినిమాలు తెచ్చినప్పుడు టామ్ బొంబడిల్ అనే పాత్రను పూర్తిగా వదిలేశాడు. దాని మీద అలిగినవాళ్లున్నారు, నేను అలగలేదు. నాకు గుచ్చుకున్నది ఫారమిర్. పుస్తకంలో అతను, మనుషుల్ని లొంగదీసుకునే ఆ మాయ ఉంగరం దారిలో పడి ఉన్నా తీసుకోనంటాడు. దాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్తున్న ఫ్రోడోను పోనిస్తాడు. సినిమాలో ఫ్రోడోను బందీగా ఆస్గిలియాత్ అనే నగరానికి లాక్కెళ్లి, ఆ తర్వాత వదులుతాడు. ఉంగరానికి ఎవరూ అతీతులు కారని అంతసేపు చూపించి, ఇప్పుడు ఒకడు తేలిగ్గా కాదంటే దాని బలం తగ్గిపోతుందని సినిమావాళ్ల సమాధానం. పొడిగించిన వెర్షన్‌లో ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంది: పెద్దకొడుకు బోరమిర్‌ను పొగుడుతూ, తండ్రి ఫారమిర్‌ను అందరి ముందు చిన్నబుచ్చుతాడు. ఆ సీను చూశాకే సినిమా ఫారమిర్ బాధ నాకు అర్థమైంది. థియేటర్లో చూసినవాళ్లకు అదే లేకుండా పోయింది.

నిడివే సమస్య అయితే పెంచితే సరిపోవాలి. హ్యారీ పాటర్ చివరి పుస్తకాన్ని 2010, 2011లలో రెండు సినిమాలు చేశారు. మిగతా సిరీస్‌లూ అదే బాట పట్టాయి. 'హాబిట్' లాంటి చిన్న పుస్తకం ఏకంగా మూడు సినిమాలైంది, మధ్యలో కథానాయకుడు బిల్బో పలచబడిపోయాడు. టీవీ సిరీస్‌లో చోటుకు కొదవ లేదు, అయినా 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథ అప్పటికి వచ్చిన పుస్తకాలను దాటిపోయింది. 2019లో సిరీస్ ముగిసేనాటికి ఆరో పుస్తకమే రాలేదు. చివరి సీజన్‌లో రాణి డెనేరిస్ అంత తొందరగా క్రూరంగా ఎలా మారిందని జనం అడిగారు. గంటలు ఎన్ని ఉన్నా, మనిషి మారడానికి కావాల్సిన మెట్లు కట్టకపోతే ప్రేక్షకుడు నమ్మడు.

హ్యారీ పాటర్ పుస్తకాలను మళ్లీ, ఈసారి సిరీస్‌గా తీస్తామని 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు. పుస్తకాలకు కట్టుబడి ఉంటామని కూడా చెప్పారు. నాలుగో పుస్తకం దాకా వస్తే నేను చూసేది ఆ ఒక్క సీనే. డంబుల్‌డోర్ హ్యారీ దగ్గరికి ఎలా నడిచొస్తాడో, ఏ గొంతుతో అడుగుతాడో చూడాలి.