ఇంటికి ట్రెడ్‌మిల్: రిపేరు చేసేవాడిగా నేను వినే అపోహలు, చూసే వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ట్రెడ్‌మిల్లులు రిపేరు చేస్తున్నాను. ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా తిరుగుతాను, ఎక్కువగా ఇళ్లకే. జిమ్‌లో మెషిన్ పాడైతే ఓనరుకి అదొక ఖర్చు. ఇంట్లో అలా కాదు. షుగరు వచ్చిందనో బీపీ పెరిగిందనో డాక్టరు నడవమంటే, నెలనెలా దాచుకుని కొన్న మెషిన్ అది. ఆర్నెల్లకే కాలిన వాసన వస్తోందని ఫోన్ చేస్తారు. మూత విప్పి, మోటారుని నడిపించే కంట్రోల్ బోర్డు పోయిందని చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందులో చాలావరకు కొనేటప్పుడో, కొన్న మొదటి నెలలోనో ఆపగలిగినవే.

ఇరవై వేల నుంచి నలభై వేల లోపు పెట్టగలిగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రోజూ అరగంట నడకకి సరిపోయే మెషిన్ ఆ డబ్బులో దొరుకుతుంది.

అపోహ: హార్స్‌పవర్ ఎంత ఎక్కువ రాసి ఉంటే మెషిన్ అంత గట్టిది.

ఒక రిటైర్డ్ టీచరు గారు తన మెషిన్ చూపించి, "బాబూ, ఐదు హార్స్‌పవర్ అని డబ్బా మీదే ఉంది. నేను ఎక్కగానే ఎందుకు మూలుగుతోంది?" అని అడిగారు. ఆయనకి కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఐదంటే 3730. మన ఇళ్లలో గీజరుకి, ఏసీకి పెట్టే 16 ఆంప్స్ సాకెట్ 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగేది 3680 వాట్లే. ఆయన మెషిన్ పెట్టింది మామూలు 6 ఆంప్స్ ప్లగ్గులో. అది 1380 వాట్లు దాటదు. మరి ఐదు హార్స్‌పవర్ ఎక్కడి నుంచి వస్తుంది?

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేది పీక్ పవర్. అంటే మోటారు కొన్ని క్షణాలపాటు ఎగదన్నగలిగే శక్తి. మనకి కావలసింది కంటిన్యుయస్ పవర్, అంటే అరగంట పాటు వేడెక్కకుండా ఇచ్చేది. అది సాధారణంగా లోపలి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్ని కంపెనీలు అసలు రాయవు. రాయకపోతే అడగండి, చెప్పకపోతే ఆ మోడల్ వదిలెయ్యండి. నా అనుభవంలో నడకకి కంటిన్యుయస్ 1.5 నుంచి 2 హార్స్‌పవర్ సరిపోతుంది. జాగింగ్ చేసేవాళ్లకి 2.5 పైన ఉండాలి. ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) మోటారే కావాలని పట్టుబట్టక్కర్లేదు. అది రోజంతా తిరిగే జిమ్ మెషిన్లకి. ఇంటికి డీసీ (డైరెక్ట్ కరెంటు) మోటారు చాలు, శబ్దం కూడా తక్కువ.

అపోహ: కొత్త మెషిన్ కదా, రెండేళ్లు ముట్టుకోనక్కర్లేదు.

నేను విప్పిన మెషిన్లలో ఎక్కువ భాగం వాడకం వల్ల పోలేదు, ఎండిపోయి పోయాయి. బెల్టు కింద ఒక చెక్క పలక ఉంటుంది. మనం అడుగు వేసిన ప్రతిసారీ మన బరువుతో బెల్టు ఆ పలకకి ఒత్తుకుంటుంది. ఆ రెండింటి మధ్య సిలికాన్ ఆయిల్ పల్చటి పొరలా ఉంటేనే బెల్టు జారుతుంది. పొర ఆరిపోయాక రాపిడి పెరుగుతుంది. అదే వేగంలో తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటంతా కంట్రోల్ బోర్డు మీదుగానే వెళ్లాలి, కాబట్టి ముందు బోర్డు వేడెక్కుతుంది, ఒకరోజు మాడిపోతుంది. ఇంటివాళ్లు కరెంటు హెచ్చుతగ్గుల వల్ల పోయిందనుకుంటారు. కొత్త బోర్డు వేసి ఆయిల్ వెయ్యకుండా వదిలేస్తే అదీ పోతుంది. వేల రూపాయల బోర్డుని కాపాడేది కొన్ని వందల రూపాయల ఆయిల్ సీసా.

నెలకోసారి ప్లగ్గు తీసేసి, బెల్టు అంచు పైకెత్తి, మధ్య దాకా చెయ్యి పోనివ్వండి. వేళ్లకి జిడ్డు తగిలితే ఏమీ చెయ్యొద్దు. పొడిగా ఉంటే మాన్యువల్లో చెప్పినంత సిలికాన్ ఆయిల్ రెండు వైపుల నుంచీ లోపలికి వెయ్యండి. తర్వాత తక్కువ స్పీడులో ఐదు నిమిషాలు నడిస్తే అంతటా పరుచుకుంటుంది. ఎక్కువ పోస్తే బెల్టు పట్టు తప్పి జారుతుంది, అదీ ప్రమాదమే. మైనపు పూత ఉన్న పలకలు కొన్ని ఉంటాయి, వాటికి ఆయిల్ వెయ్యకూడదు. అందుకే ముందు మాన్యువల్ చూడమంటున్నాను.

కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె, తలుపు బందులకి కొట్టే స్ప్రే, ఇవన్నీ పోసిన మెషిన్లు చూశాను. కొబ్బరి నూనె పోసిన ఒక మెషిన్‌లో నూనె, మన ఊరి దుమ్ము కలిసి జిగురులా గట్టిపడింది. బెల్టుతో పాటు పలక కూడా మార్చాల్సి వచ్చింది.

బెల్టు ఒక పక్కకి పోతుంటే టెన్షన్ పడి మెకానిక్‌ని పిలవక్కర్లేదు. మెషిన్‌తో వచ్చిన ఎల్ కీ తీసుకుని, బెల్టు ఏ వైపుకి పోతుంటే ఆ వైపు వెనక బోల్టుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో పావు చుట్టు తిప్పండి. ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిప్పి చూసి, అవసరమైతే ఇంకో పావు చుట్టు. ఒకేసారి రెండు మూడు చుట్లు తిప్పి బెల్టు అంచు చింపుకున్నవాళ్లున్నారు.

అపోహ: కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది.

అవదు. నడకలో మెషిన్ 600 వాట్లు తీసుకుంటుందనుకున్నా అరగంటకి 0.3 యూనిట్, నెలకి 9 యూనిట్లు. ఆలోచించాల్సింది సాకెట్ గురించి. 16 ఆంప్స్ సాకెట్, మంచి ఎర్తింగ్, దానికి వేరే ఏదీ తగిలించకుండా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఇంటి ఇన్వర్టరు మీద అస్సలు వద్దు. బాల్కనీలో పెడితే గాలొస్తుందంటారు కానీ, వాన జల్లు, దుమ్ము, చీమలు అన్నీ బోర్డులోకే చేరతాయి.

అపోహ: పెద్ద స్క్రీన్, స్పీకర్లు, మసాజరు ఉంటే డబ్బుకి తగిన విలువ.

అదే ధరలో ఇవన్నీ ఇస్తున్నారంటే మోటారులోనో, పలక మందంలోనో ఎక్కడో తగ్గించి ఉంటారు. మసాజర్ బెల్టు ఏడాది తర్వాత వాడుతున్న ఇల్లు నాకు దాదాపు కనపడలేదు. స్క్రీన్ మీద కేలరీల అంకె ఒక అంచనా మాత్రమే. మీ బరువు అడగని మెషిన్‌కి మీరెంత ఖర్చు చేశారో ఎలా తెలుస్తుంది?

అపోహ: 100 కిలోల కెపాసిటీ అంటే 100 కిలోల మనిషి రోజూ నడవొచ్చు.

ఆ అంకె అంచు. 100 అని ఉంటే 80, 85 కిలోల లోపు వాళ్లకనుకోండి. కొనేటప్పుడు ఇంట్లో అందరికంటే బరువైనవాళ్లని లెక్కలోకి తీసుకోండి. డాక్టరు నడవమన్నది చాలాసార్లు వాళ్లనే. ఒకరి తర్వాత ఒకరు నలుగురు వాడే ఇల్లయితే, మెషిన్ ఆగకుండా ఎంతసేపు తిరగొచ్చో మాన్యువల్లో చూడండి. తక్కువ ధర మెషిన్లకి మధ్యలో విశ్రాంతి కావాలి.

అపోహ: నడకే కదా, మోటారు లేనిదో, మంచం కిందకి పోయే వాకింగ్ ప్యాడో చాలు.

తక్కువ ధరలో వచ్చే మోటారు లేని మెషిన్‌లో బెల్టుని కాళ్లతో మనమే వెనక్కి తొయ్యాలి. అందుకోసం మెషిన్ ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాని మీద వారం కూడా నడవలేక మూలన పెట్టడం చాలా చూశాను. వాకింగ్ ప్యాడ్ ముప్పై, నలభై ఏళ్లవాళ్లకి పరవాలేదు. కానీ చాలావాటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరవై దాటిన అమ్మానాన్నలకి మాత్రం అది కొనొద్దు. రెండు పక్కలా గట్టి పట్టు ఉండాలి, బెల్టు వెడల్పు కనీసం 42 సెంటీమీటర్లు ఉండాలి. 40 కంటే సన్నగా ఉంటే తూలినప్పుడు కాలు అంచు మీద పడుతుంది.

అపోహ: గంటకి 14, 16 కిలోమీటర్ల స్పీడు ఉంటేనే మంచి మెషిన్.

నడిచేవాళ్లు 6 దాటరు. ఆ స్పీడుకి పెట్టే డబ్బు ఏటవాలు పెట్టుకునే సౌకర్యానికి పెట్టండి. గుండె డాక్టరు దగ్గర టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష) చేయించుకున్నవాళ్లు గుర్తు చేసుకోండి. ఎక్కువ చోట్ల పాటించే పద్ధతిలో మొదటి మూడు నిమిషాలు వేగం గంటకి 2.7 కిలోమీటర్లే, కానీ మెషిన్ 10 శాతం పైకి లేచి ఉంటుంది. ఆయాసం అక్కడి నుంచే మొదలవుతుంది. వ్యాయామంలో వాడే మామూలు లెక్క ప్రకారం, గంటకి 5 కిలోమీటర్ల నడకలో 5 శాతం ఏటవాలు పెడితే ఒంటికి కావలసిన ఆక్సిజన్ సుమారు 60 శాతం పెరుగుతుంది. పరుగెత్తకుండానే అంత శ్రమ. చేత్తో మార్చుకునే మూడు మెట్ల ఏటవాలైనా చాలు. గుండె, మోకాళ్ల సమస్య ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్‌నే అడగండి.

అపోహ: ఫ్రేముకి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కాబట్టి భయం లేదు.

ఇన్నేళ్లలో ఇనుప ఫ్రేము విరిగి నన్ను పిలిచినవాళ్లు లేరు. పోయేది కంట్రోల్ బోర్డు, బెల్టు, మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, స్పీడు సెన్సర్. వీటికి ఎన్ని నెలలు వారంటీ అని అడగండి. సర్వీసు మనిషి మీ ఊరికి వస్తాడా అనేది ఇంకా ముఖ్యం. నల్గొండ, ఖమ్మం వైపు నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి. వారంటీ ఉంటుంది, వచ్చేవాళ్లుండరు. మీ పిన్‌కోడ్ చెప్పి, సర్వీసు ఉందని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ మెషిన్ అంటే ఎవరో వాడి పారేసింది.

బడ్జెట్ తక్కువైనవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. చాలా ఇళ్లలో మెషిన్ రెండు మూడు నెలలు నడిచి, తర్వాత దాని మీద బట్టలు ఆరతాయి. అలాంటివి సగం ధరకే దొరుకుతాయి, లోపల మోటారు కొత్తదానిలాగే ఉంటుంది. చూడటానికి వెళ్లినప్పుడు ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు. ఖాళీగా పాడైన మెషిన్ కూడా తిరుగుతుంది. మీ ఇంట్లో బరువైనవాళ్లని వెంట తీసుకెళ్లి, గంటకి ఒకటి రెండు కిలోమీటర్ల స్పీడులో నడిపించండి. మోటారుకి అసలు కష్టం అక్కడే. అడుగు పడినప్పుడల్లా బెల్టు ఆగి ఆగి కదిలితే బెల్టు వదులైనా అయ్యుండాలి, మోటారో బోర్డో బలహీనమైనా అయ్యుండాలి. ఇరవై నిమిషాలు నడిచాక మోటారు మూత దగ్గర వాసన చూడండి. బెల్టు కింద చెయ్యి పెట్టి పలక నున్నగా ఉందా, గుంటలు పడిందా తడమండి.

తెచ్చుకునేటప్పుడు మాన్యువల్, ఎల్ కీ, ఎర్ర సేఫ్టీ కీ (ఊడితే మెషిన్ ఆగిపోయేది) అడిగి తీసుకోండి. సేఫ్టీ కీ లేకపోతే మెషిన్ స్టార్టే అవదు. నడిచేటప్పుడు దాని తాడు చొక్కాకి తగిలించుకోండి. నడక అయిపోయాక ఆ కీ పీకి బీరువా మీద పెట్టండి. వెనక రోలరు దగ్గర పసిపిల్లల వేళ్లు నలిగిన ఇళ్లకి నేను రెండుసార్లు వెళ్లాను.