పాత కథల వాచకాలకు లామినేషన్ వద్దు

అపోహ: లామినేషన్ చేయిస్తే తాతల నాటి పుస్తకం ఇక చెక్కుచెదరదు.

పుస్తకాన్ని చంపే పద్ధతి ఇదే. చెన్నై ట్రిప్లికేన్‌లో మా పుస్తకాల మరమ్మతు గదికి పెద్దబాలశిక్షో, చిన్నయసూరి నీతిచంద్రికో పట్టుకొచ్చే తెలుగువాళ్లకు మొదట ఇదే చెబుతాను. కొందరు అప్పటికే చేయించేసి వస్తారు.

మెషిన్‌లోకి కాగితాలు విడివిడిగా వెళ్లాలి కాబట్టి జిరాక్సు షాపులో ముందు పుస్తకం వీపు కోసేస్తారు. కుట్టు పోతుంది, లోపలి మార్జిన్ కూడా కొంత పోతుంది. తర్వాత వేడి రోలర్ల మధ్య ఫిల్ముకున్న జిగురు కరిగి కాగితం పీచులోకి దిగుతుంది. పీకితే అక్షరాలు ప్లాస్టిక్‌తో పాటే వచ్చేస్తాయి. ఇంతా చేసి కాగితంలోని ఆమ్లం మాత్రం అక్కడే ఉండి పీచును తింటూ ఉంటుంది.

"ఆర్కైవ్స్‌లోనే లామినేట్ చేస్తారట కదండీ?" అని వాదిస్తారు. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒకప్పుడు చేసింది వేరు. సెల్యులోజ్ ఎసిటేట్ అనే పలచని ప్లాస్టిక్ పొర, పైన సన్నని టిష్యూ పెట్టి, వేడి లేకుండా ఎసిటోన్ అనే ద్రావకంతో అతికించేవారు. మేం వాడేది జపనీస్ టిష్యూ అనే పలచని కాగితం, గోధుమపిండి జిగురు. తడి తగిలిస్తే ఊడి వస్తుంది, రేపు ఇంకొకరు సరిచేయాలన్నా వీలుంటుంది.

పెరంబూర్ నుంచి ఒక పెద్దావిడ నీతిచంద్రిక తెచ్చారు. "పొడి రాలుతోంది బాబూ, ముట్టుకోవాలంటేనే టెన్షన్" అన్నారు. "టేపు వేయకుండా తెచ్చారమ్మా, సగం పని మీరే చేశారు" అన్నాను. అందులోని మిత్రలాభం భాగంలో పావురాల రాజు చిత్రగ్రీవుడు వలతో సహా ఎగిరే చోట పదాల మధ్య పెన్సిల్ గీతలున్నాయి. సంధులు విడగొట్టి చదువుకోవడానికి వాళ్ల నాయనమ్మ పెట్టించినవట. స్కాన్ చేసి పుస్తకం పారేద్దామనే వాళ్లకు ఇలాంటి గీతలు చూపిస్తుంటాను.

అపోహ: ఎంత పాతదైతే అంత పెళుసు.

చాలాసార్లు తలకిందులు. నీతిచంద్రిక వెలువడిన 1853 ప్రాంతంలో కాగితం ఎక్కువగా గుడ్డపీలికల గుజ్జుతో చేసేవారు. ఆమ్లం ఎక్కువగా ఉండే చెక్కగుజ్జు కాగితం వాడకం ఆ తర్వాత పెరిగింది. అందుకే 1930ల నాటి స్కూలు వాచకం అప్పడంలా విరుగుతుంటే, దానికన్నా పాతది చక్కగా మడత పడుతుంది.

అపోహ: "ఆనంద నామ సంవత్సరం" అని ఉంది, అంటే 1854 నాటిది, లక్షలొస్తాయి.

1914 కూడా ఆనందే, 1974 కూడా. పక్కన శకాబ్దమో క్రీస్తుశకమో ఉందేమో చూడండి, ప్రెస్సు పేరు చూడండి. పెద్దబాలశిక్ష లెక్కలేనన్ని సార్లు అచ్చయింది. వాట్సాప్‌లో తిరిగే ఆ ధరలు ఎవరి చేతికీ వచ్చినట్టు నేనైతే చూడలేదు.

కలరా ఉండలతో ఆమ్లం తగ్గదు. ఎండలో పెడితే కాగితం ఇంకా త్వరగా పసుపెక్కుతుంది. చెన్నై ఉక్కకు గాలి ఆడే, గోడకు ఆనని అల్మారా మేలు. తిరిగి అచ్చువేస్తే కేసు పడుతుందేమోనన్న భయం కూడా వద్దు. చిన్నయసూరి 1860ల మొదట్లోనే పోయారు, మన చట్టంలో కాపీరైటు రచయిత పోయాక 60 ఏళ్ల వరకే.

ప్లాస్టిక్కే కావాలంటే పాలిస్టర్ కవరు తీసుకుని, కాగితాన్ని అతికించకుండా ఊరికే లోపల పెట్టండి. ఇప్పటికే లామినేట్ అయిపోయిందా? పీకకండి. వేడి తగలని చోట పెట్టి, అక్షరాలు కనబడుతుండగానే ప్రతి పేజీకి ఫొటో తీసుకోండి.